నాలుగు మాత్రలు

తెర మీద ఎనిమిది వారాల నిశ్శబ్దం.
డాక్టరమ్మ చీటీ వెనక్కి తిప్పి చెప్పింది:
ఊరికే ఎదురుచూడొచ్చు,
మాత్రలు వేసుకోవచ్చు,
కాదంటే థియేటర్లో శుభ్రం చేయించుకోవచ్చు.
"నీ ఇష్టం. నీ తప్పయితే ఏమీ లేదు."

ఇష్టం అనే మాట
ఆ గదిలో ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడింది.

కొర్లగుంటలో మిద్దె మీది ఇల్లు.
చెంపకీ చిగురుకీ నడుమ నాలుగు మాత్రలు,
సుద్దముక్క రుచి.
అరగంట కరగనియ్యాలంట.
నాతోపాటు మునిశేఖర కూడా నోరు మూసుకున్నాడు.

మూడు గంటలకి పొత్తికడుపు మెలిపెట్టింది.
వేణ్ణీళ్ల సీసా. నొప్పి బిళ్ల.
వరసగా రెండు గంటలు,
గంటకి రెండు ప్యాడ్లు నిండితే
ఫోన్ చెయ్యమని
రెడ్డెమ్మ సిస్టరు రాసిచ్చిన నెంబరు.

కింద వీధిలో జీపతను:
"కొండకి, కొండకి!
ఇంకొక్కరు! ఒక్కరొస్తే బండి కదుల్తాది!"

ఆ ఒక్కరు
ఎంతసేపటికీ రాలేదు.

రెండు వారాలకి మళ్లీ స్కానంట.
ఖాళీగా కనిపిస్తే మంచి వార్తంట.

తెల్లారి దుప్పటి ఉతికి ఆరేసింది మునిశేఖరే.
ఎదురింటామె అడిగితే
మామిడిపండు మరకన్నాడంట.

కార్తీకంలో మామిడిపండు.
ఆమె ఇంకేమీ అడగలేదు,
సాయంత్రం గిన్నెడు రాగిజావ పంపింది.