లేబుళ్ళ నక్షత్రం

క్యానరీలో సీజను జనవరికి గానీ మొదలు కాదు.
డిసెంబరంతా ఈయనకి వారానికి రెండే షిఫ్టులు.
అద్దె పోగా, పెట్రోలు పోగా
లెక్కల పుస్తకం చివరి పేజీలో
పండక్కని నేను రాసుకున్న అంకె
అరవై డాలర్లు.
కింద రెండు గీతలు గీశాను,
ఎవరూ దాటకుండా.

"కొన్నదేదీ చెట్టు కింద పెట్టకూడదు" అన్నాను.
హెప్సిబా మూతి మూడు వంకర్లు తిరిగింది.
ఎలీషా మాత్రం అడిగాడు:
"దొరికింది పెట్టొచ్చా?"

చెట్టే దొరికింది.
మొన్నటి వడగాలికి మా వీధి మలుపులో
విరిగిపడ్డ జామాయిలు కొమ్మ.
షెపర్టన్‌లో దాన్ని గమ్ ట్రీ అంటారు గానీ
ఆకు నలిపితే
కందుకూరు రోడ్డు మీద కలప లారీ వెనక
నాన్న స్కూటర్ మీద కూర్చున్నట్టే ఉంది.
ఇసుక బకెట్లో నిలబెడితే
కాస్త ఎడమకి ఒరిగింది,
ప్రసంగం మధ్యలో కునుకు తీసే
సంఘపెద్దలాగా.

నారింజ చక్రాలు కోసి
షెడ్డు రేకు మీద, పాత చున్నీ పరిచి,
వడియాల్లా ఎండబెట్టాను.
నలభై డిగ్రీలు. పొయ్యి ఖర్చు లేదు.
పండగ ముందుగా చీమలకొచ్చింది.

పక్కింటి నెరీనా గారు ఇచ్చిన
పచ్చి ఆప్రికాట్లతో ఆవకాయ పెట్టాను.
ఏడు సీసాలు, పదకొండు డాలర్లు.
సీసాలూ ఆవిడవే, కాయలూ ఆవిడవే,
నావల్లా ఆవపిండీ, కారమూ, నూనే.
ఇది కానుకా, బాకీ తీర్చడమా?
ఈయన్నడిగితే
"మూత గట్టిగా బిగించు" అన్నాడు.

ఇక హెప్సిబాకి గౌను.
బీరువా అడుగున నా పెళ్ళి చీర,
తెల్లది, వెండి జరీ నల్లబడింది.
మొదటి రోజు తీసి చూశాను.
రెండో రోజు మళ్ళీ మడిచి పెట్టాను.
మూడో రోజు ఇస్త్రీ చేశాను.
నాలుగో రోజు కోశాను.
కత్తెరకి ఏమీ తెలియదు కాబట్టి
తిన్నగానే పోయింది.

నక్షత్రం సంగతి ఈయన చూసుకున్నాడు.
టమాటా మొక్కల కర్రలు, పాత ఫోను తీగ,
ఉడికించిన మైదా జిగురు.
కాగితం మాత్రం క్యానరీలో పారేసినది:
ఒక అక్షరం ఎగిరిపోయి అచ్చైన
పీచ్ డబ్బాల లేబుళ్ళు, కట్టలు కట్టలు.
తెల్లటి వెనక వైపు బయటికి తిప్పి అంటించి
బీట్‌రూట్ నీళ్ళు పూస్తే
వక్క రంగు వచ్చింది.
"ఎర్రగా ఉందిలే" అన్నాం, అందరం కలిసి.

లోపల పెట్టడానికి బల్బు కావాలి.
గీతల లోపల నాలుగు డాలర్లు మిగిలున్నాయి గానీ
అవి ఆదివారం కానుకకి.
బాత్రూం బల్బు ఊడదీశాం.

కానీ ఇక్కడ డిసెంబరు పొద్దు
గుంకనంటే గుంకదు.
ఎనిమిదైంది, గోడ మీద ఎండ.
ఎనిమిదిన్నర, ఇంకా కాకటూలు అరుస్తున్నాయి.
పిల్లలు వరండాలో కూర్చుని
చీకటి రావాలని ప్రార్థన చేస్తున్నారు.
అలాంటి ప్రార్థన
నా జన్మలో వినలేదు.

తొమ్మిదింటికి స్విచ్చి వేశాడు.

వెలిగింది. వెలిగి,
లోపలి వైపు దాచిన బొమ్మలన్నీ పైకి తేలాయి:
సగానికి కోసిన పీచ్ పళ్ళు, వరసగా,
తిరగబడిన అక్షరాలు,
తూర్పు కొమ్ము మీద
నెట్ వెయిట్ ఎనిమిది వందల పాతిక గ్రాములు.

హెప్సిబా ముఖం చేతుల్లో దాచుకుంది.
"జ్ఞానులు కూడా బంగారం తూకం వేయించే తెచ్చుంటార్లే"
అన్నాడీయన. ఆమె నవ్వలేదు.

కంచె అవతల గొట్టంతో నీళ్ళు పడుతున్న
నెరీనా గారు ఆగిపోయారు.
నీళ్ళు ఆవిడ చెప్పుల మీద పడుతున్నాయి.
"ఆ మిషను దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు నిలబడ్డాను" అన్నారు.
"కోట్ల లేబుళ్ళు అంటించి ఉంటాను.
వాటి వెనక దీపం పెట్టొచ్చని
ఎవరూ చెప్పలేదు."

హెప్సిబా వేళ్ళ సందుల్లోంచి చూసింది.
తర్వాత లెక్కపెట్టడం మొదలెట్టింది,
పీచ్ పళ్ళని, ఒకటీ, రెండూ...

లోపల బాత్రూంలోంచి ఎలీషా కేక:
"సబ్బు ఎక్కడుందో కనపడ్డం లేదమ్మా!"