గుర్తుల పెట్టె కింద

నగర పటం తరగతి గోడకి తగిలించాను.
కింద కుడి మూల, సరిగ్గా మా ఊరు ఉండాల్సిన చోట
గుర్తుల పెట్టె అచ్చేశారు:
గళ్ళ గీతంటే రైలుపట్టా,
ఎర్ర శిలువంటే ఆసుపత్రి,
నీలి మరకంటే నీరు.
"టీచర్, మనం ఈ పెట్టె కింద ఉన్నామా?" అంది నొమిన్‌జుల్.
ఉన్నామన్నాను. గోటితో గీకి చూసింది.
కాగితం పొర లేచింది, అంతే.

సరే, రాసుకోండి.
ఉలాన్‌బాతర్‌కి తూర్పున ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు.
బస్సు మాట వింటే గంట, మంచు పడితే దేవుడెరుగు.
మూడు వైపులా చెట్టన్నది ఎరగని గుట్టలు,
నాలుగోవైపు మనం తవ్విన గొయ్యి.
ఏరుంది. నవంబర్ నుంచి మార్చి దాకా
దాని మీద లారీలు నడుస్తాయి.
నిలువెత్తు లోతున నేల ఎండాకాలంలోనూ గడ్డకట్టే ఉంటుంది,
పైన కరుగుతుంది, మళ్ళీ బిగుస్తుంది,
అందుకే మన ఇళ్ళు ఏటేటా ఓ పక్కకి ఒరుగుతాయి,
ప్రతి వసంతంలోనూ తలుపులు చెక్కుకుంటాం.

పరీక్షలో రాదు గానీ చరిత్ర కూడా చెబుతాను.
ఇక్కడ మొదట బొగ్గు కనిపెట్టింది ఇంజనీరు కాదు, తర్వగ.
పిల్లి కన్నా లావు, బద్ధకపు నేల ఉడుత.
అది బొరియ లోంచి తోసిన మట్టిలో నల్లపెళ్ళలు ఏరి
గుర్రాల కాపరి ఒకడు టీ కాచుకున్నాడట.
(నిజమో కాదో. చెప్పిన ప్రతిసారీ మా నాయనమ్మ
ఆ గుర్రం రంగు మార్చేది.)
తర్వాత గని. తర్వాత పడమటి కొండల నుంచి
కజక్ కుటుంబాలు, పరుపుచుట్టలు,
లారీ మీద గద్దని ఒళ్ళో పెట్టుకున్న ఓ తాత.
నీలిరేకు గుమ్మటంతో మసీదు,
కేకేస్తే వినబడే దూరంలో, గుట్ట మీద,
పట్టుపీలికలు చుట్టిన రాళ్ళకుప్ప.
పెళ్ళిళ్ళకి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు;
తగువంతా టీలో ఉప్పెంత అన్న దగ్గరే.

తర్వాత గని మూసేశారు.
తాళం ఆఫీసుకి వేశారు, బొగ్గుకి వేయలేదు.

పుస్తకం మనల్ని ఉపగ్రహ పట్టణం అంటుంది.
ఉపగ్రహమంటే తిరిగేది కదా అని అమాన్‌తాయ్ సందేహం.
ఊరు తిరగదు నాయనా, ఆరింటి బస్సులో మనుషులు తిరుగుతారు.
మీ అమ్మ అక్కడ పదహారో అంతస్తు అద్దాలు తుడిచి
చీకటి పడ్డాక వెనక్కొస్తుంది.
మన బొగ్గు బస్తాల్లో వెళుతుంది,
గాలి తిరిగిన రోజున పొగై
అడ్రసు మరిచిపోకుండా ఇంటికొస్తుంది.
రాత్రిళ్ళు పడమట, ఆకాశం అడుగున, నారింజ మరక.
దీపం కింద చీకటంటారు.
దీపంలో నూనె సంగతి ఎవరూ అనరు.

ఇవాళ్టి పని: మన ఊరి పటం, మన గుర్తులతో.
నొమిన్‌జుల్ నీళ్ళ కొట్టుకి మూత పోయిన డబ్బా వేసింది.
ఎవరో కుక్కలు కరిచే సందుకి పళ్ళు గీశారు.
స్కూలు బాయిలర్‌కి ముసలి ఖుర్మెత్ టోపీ.
అమాన్‌తాయ్ గుట్ట వెనక పదకొండు సున్నాలు చుట్టాడు.
గని మూశాక ఎవరికి వాళ్ళు తవ్వుకున్న గుంతలు,
ఏది ఎవరిదో వాడికి కంఠతా వచ్చు.
"లోపల మనిషుంటే ఊపిరికి
గుంత నోటి దగ్గర మంచు కరిగి నేల కనబడుతుంది టీచర్,
అందుకే నలుపు దిద్దుతున్నా" అన్నాడు.
పది దిద్దాడు.

పదకొండోది తెల్లగానే ఉంది.
ఎవరిదని నేనడగలేదు.
గుర్తుల పెట్టె ఎక్కడ గీయాలని వాడే అడిగాడు.
కాగితమంతా వెతికాం.
ఖాళీగా కనబడ్డ ప్రతిచోటా, వేలు పెట్టబోతే,
అక్కడ మావాళ్ళున్నారని ఎవరో ఒకరు అరిచారు.
చివరికి తిప్పి, వెనకవైపు రాశాం.