పెదవులకు సరిపోయే మాట

సాలిగ్రామంలో రెండో అంతస్తు,
గోడలకు బొంతలాంటి గుడ్డ, వణికించే ఏసీ.
తెర మీద ఏదో మంచుదేశపు కోర్టు.
జూరీ పన్నెండుమంది. మేం నలుగురం.
వరూధినిగారు మూడో ఆవిడ, ఏడో ఆవిడ,
దగ్గుతూ మాట్లాడే పదకొండో ముసలామె కూడా.
నేను ముద్దాయిని.
ఎపిసోడుకి ఎనిమిది వందలు, భోజనం వాళ్లదే.

ముద్దాయికి మాటలు తక్కువ,
ఊపిరి ఎక్కువ.
ఆ రాత్రి నీ భార్య ఎక్కడుంది, అంటాడు లాయరు.
అతను గాలి పీలుస్తాడు, ఆగుతాడు,
"తెలీదు" అంటాడు.
ఆ ఆగడం ఎంతసేపో నన్నడగండి,
రెండు సెకన్ల మీద నాలుగు ఫ్రేములు.
పదకొండు టేకులు తిన్నాను దానికి.
అందులో ఉన్నది భయమా, లెక్కా,
ఉత్త దాహమా,
నా ముక్కులోంచి పోయిన ఊపిరే అయినా
చెప్పలేను.

"వీడే చేశాడు సార్" అంటాడు అరివళగన్ అద్దం వెనకనుంచి,
"కళ్లు చూడండి, చచ్చిన చేప కళ్లు."
తమిళం వెర్షను పోయినవారమే ముగించాడు,
తీర్పు ముందే తెలుసు వాడికి.
తెలిశాక చూస్తే
ఎవరి కళ్లయినా చేప కళ్లే.

టీకి కిందికి దిగి, అరుణాచలం రోడ్డు వార
వాదించుకున్నాం.
ఇన్సూరెన్సు కాగితం మాటేమిటి, అన్నారు వరూధినిగారు.
చొక్కా మీద రక్తం లేదుగా, అన్నాడు కోటేశు.
ఉతుక్కోడానికి రాత్రంతా ఉంది నాయనా.
మరి ఆ ఏడో ఆవిడ ఏడుస్తూ చెయ్యెత్తిందే,
ఆ ఏడుపు మీరేగా ఏడ్చారు?
ఆవిడ గ్లాసులోకి ఊదుకుంటూ
"ఏడ్చాను. ఎందుకో స్క్రిప్టులో లేదు" అన్నారు.

మన దేశంలో జూరీలు ఎప్పుడో ఎత్తేశారన్నాడు కోటేశు,
పేపరు వెనకపేజీ దాకా చదివే మనిషి.
ఎత్తెయ్యడమేం,
గ్లాసులు కడిగే పెద్దాయన కూడా
తెలుగు ఒక్క ముక్క రాకుండానే
తన ఓటు తను వేసేశాడు.

మళ్లీ పైకి. ఆఖరి రీలు.
జూరీ పెద్ద లేచాడు, పెదవులు రెండుసార్లు కదిలాయి.
దో-షి.
ఎవరో కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.
పోయిన నెల ఇంకో కేసులో
‘నాట్ గిల్టీ’కి ‘నిర్దోషి’ అని పెట్టాం.
వాళ్లన్నది నేరం రుజువు కాలేదనే.
అంత పొడుగు మాట ఆ పెదవుల్లో పట్టదు.
అందుకని ఆ మనిషిని కడిగి, తుడిచి,
బొట్టు పెట్టి ఇంటికి పంపించేశాం.

ఈ ముద్దాయి తల దించుకున్నాడు.
ఇక్కడ డైలాగు లేదు సార్, చిన్న రియాక్షను,
ఒక ‘హ్’ ఇవ్వండి చాలు.

మునిరత్నం గుర్తొచ్చాడు.
కేబుళ్లు చుట్టే కుర్రాడు, వ్యాసర్పాడి నుంచి వచ్చేవాడు.
కాలరు మైకు ఒకటి కనపడకుండా పోయిన రోజు
ఇదే టీకొట్టు ముందు, ఇదే నలుగురం,
రెండు వడలు చల్లారేలోపు తేల్చేశాం.
వరూధినిగారు అప్పుడు ఏడవలేదు.
నేను చెయ్యెత్తలేదు,
నా చేతిలో వడ ఉంది.
సాయంత్రం లెక్క చూసి పంపించేస్తుంటే
వాడు ఒక్కమాట కూడా అనలేదు,
ఇదిగో, ఇంతే అన్నాడు.

మైకు తర్వాత దొరికిందా అంటారేమో.
తెలీదు.
ఆ మర్నాటి నుంచి ఎవరూ వెతకలేదు.

మొదటి టేకే ఓకే అయింది.
"ప్రమాదం సార్, ఎక్కణ్ణించి తెచ్చారు దాన్ని"
అన్నాడు అరివళగన్, తమిళంలో మెచ్చుకుంటూ.

కింద మేనేజరు ఓచరు తోశాడు.
వివరం అన్న గడిలో ‘ముద్దాయి’ అని ఉంది,
పక్కన నా పేరు.
సంతకం పెట్టాను.
ఎనిమిది వందలు. పదిశాతం పట్టుకున్నారు.