నూట తొమ్మిదిల మగ్గు

ఎట్ల ఎదగాలె సార్ ఈ లైన్ల, అని అడిగింది రిషిత.
పరకాల పిల్ల. మెడల కొత్త టై,
ఇస్త్రీ మడత ఇంకా విరగని కోటు.
వెనుక పదకొండు మంది, చేతులల్ల పెన్నులు.

నా దగ్గర జవాబు ఉండె.
రాత్రి కూసొని రాసుకున్న,
క్రమశిక్షణ అని, చిరునవ్వు అని, ఓపిక అని.
కాగితం కోసం చెయ్యి జేబు దాకా పోయి
ఆడనే ఆగింది.

వరంగల్ స్టేషన్ ఎదురుంగ లాడ్జి.
ఇరవై రెండు గదులు, వెనుక కట్టెల పొయ్యి మీద ఒకటే కాగు.
పదిహేనేండ్లకు చేరిన, బకెట్లు మొయ్య.
వేడినీళ్లు, మూడంతస్తులు.
రాత్రి బండి దిగినోళ్లకు తానం కావాలె,
కచేరికి పోవాలె, పిల్లను చూడ పోవాలె.
మెట్ల మీద నీళ్లు తొణికితే
గౌస్ సాబ్ ఒక్క మాట అనకపోవు.
గుడ్డ తెచ్చి తనే వంగి తుడుస్తుండె.
అంతకన్న పెద్ద తిట్టు నేను తినలే.

తలుపు కొట్టుడు నేర్పింది ఆయననే.
రెండుసార్లు కొట్టు. ఒక్క అడుగు వెనుకకు జరుగు.
తెరిచినోని కండ్లకు ముందు జాగ కనపడాలె,
తర్వాత నువ్వు.
లోపలున్నది కిరాయిదారు కాదు బేటా,
ఈ పూటకు ఇల్లు లేని మనిషి.

మిర్చి సీజన్ల ఎనుమాముల సేట్లు దిగేటోళ్లు.
మూడుసార్లు ఉతికినా దుప్పట్ల ఘాటు పోకపోవు,
మర్నాడు పండినోడు రాత్రంత తుమ్మి
పొద్దున నామీద లొల్లి.
జాతర వస్తే మెట్టుకొక కుటుంబం,
బెల్లం వాసనకు చీమల బారు రిజిస్టర్ దాకా.
మిగిలిన దినాలన్ని ఎంజీఎం దవాఖానయి.
వాళ్లు గది అడుగరు,
పూటకెంత అంటరు.

ఒకామె, మంథని అవతల ఊరు, బుచ్చక్క.
'వచ్చిన పని' గడి కాడ
ఏం రాయమంటవు అంటే గోడ దిక్కు చూసింది.
పెనిమిటి దవాఖానల ఉన్నడు,
రేపు పొద్దుగాల ఇస్తరట.
బంధువులను చూడవచ్చిరి, అని రాసిన నేను.
రిజిస్టర్ల నేను రాసిన అబద్ధం అదొక్కటే కాదు,
గని పేజీతో సహా యాదికున్నది అదే.

బకెట్ నుంచి బెల్లు, బెల్లు నుంచి బల్ల,
బల్ల నుంచి హన్మకొండల ఈ అద్దాల మేడ,
ఇట్ల చెప్తే మెట్లున్నట్టు అనిపిస్తది.
మెట్లు లేకుండె.
ఒకడు రాని దినం వాని పని నేను చేసిన.
వాడు మళ్ల రాలే.
గంతే.

ఇంగ్లీషు నేర్పింది వెయ్యిస్తంభాలు చూడొచ్చిన తెల్లోళ్లు.
వాటర్, నో. ఫ్యాన్, నో. టవల్, నో.
తొలి పాఠం మొత్తం నో.

ఇత్తడి బిళ్లల తాళాలు పోయి కార్డులొచ్చినయి.
నడుముకు బరువు లేదు,
నడిస్తే చప్పుడు లేక
ఎవరో వేరేటాయన పోతున్నట్టుంటది.

సులోచన ఒకసారి అన్నది,
దసరాకు నువ్వు దగ్గరుండి వండించింది
ఐదొందల మంది తిన్నరు,
పిల్లలు, నేను పొద్దటి అన్నం తిన్నం.
దానికైతే జవాబు
ఇంతవరకు ఏ కాగితం మీదా రాసుకోలే.

రిషిత ఇంకా చూస్తనే ఉన్నది.
పెన్ను మూత తీసే ఉన్నది.

బిడ్డా, నూట తొమ్మిది ఇందాకనే ఖాళీ అయింది.
దుప్పటి మార్చిండ్రు, సబ్బు పెట్టిండ్రు,
బకెట్ ఉన్నది.
మగ్గు ఉన్నదా చూసి రా.

వెనుకోళ్లు నవ్విండ్రు. ఆమె కూడా నవ్వింది,
కోటు సదురుకొని పోయింది.
లిఫ్టు ఎక్కలే.
మెట్ల మీద బూట్ల చప్పుడు,
మలుపు కాడ కొంచెం ఆగి, మళ్ల.

పైన ఎవ్వరూ లేరని ఎరుకనే ఆమెకు.
అయినా
రెండుసార్లు కొట్టిన చప్పుడు వినవచ్చింది.
తర్వాత
ఒక అడుగు.