నేతివేలు

జీలాంగ్‌లో జూన్ చలి.
సూపర్‌మార్కెట్‌లో పాల అర ముందు
పావుగంట నించున్నాను.
ఓట్స్ పాలు, సోయా పాలు, బాదం పాలు,
ఆఖరికి బియ్యం పాలు కూడా.
తెల్లనివన్నీ పాలేనని నమ్మిన రోజుల్లో
ఎంత తేలిగ్గా బతికాను!

విరజ పుట్టినరోజుకి కాలమ్ వస్తాడు.
వాడికి పాలు పడవు.
పడవంటే కడుపుబ్బరం కాదు,
చెంచాడు మజ్జిగకే గొంతు మూసుకుపోతుంది.
సంచిలో సూదిమందు పెట్టుకు తిరిగే
ఏడేళ్ళ పెద్దమనిషి.

వెన్నకి బదులు నూనె.
మజ్జిగకి బదులు, సోయా పాలల్లో వెనిగర్ చుక్కలు.
విరిగాయి.
మా ఇంట్లో పాలు విరిగితే రోజంతా సణుగుడే,
ఇవాళ కావాలని విరిచి సంబరపడ్డాను.
పైన పూతకి, పాలు లేని వెన్నట, డబ్బా మీద రాసుంది.
నేతిబీరలో నెయ్యి ఉండదని
ఇన్నేళ్ళూ ఎగతాళి చేశాను గానీ
ఉండదన్న మాటే ఈ రాత్రి నాకు భరోసా.

పిండి కలిపి, గిన్నెలో పోసి, ఓవెన్‌లో పెట్టాను.
ఇరవై నిమిషాలకి వంటిల్లంతా కమ్మటి వాసన.
అంత కమ్మగా ఉండకూడదే.

వేలు నాలిక్కి రాసుకు చూశాను.
నెయ్యి.
పొయ్యి పక్క సీసాలో వేలు ముంచి
గిన్నె లోపల గుండ్రంగా ఎప్పుడు తిప్పానో!
బుర్రకి వందసార్లు చెప్పాను,
చేతికి చెప్పడం మర్చిపోయాను.

రాత్రి పదకొండు.
గట్టు తుడిచాను, మళ్ళీ తుడిచాను.
పదేళ్ళ నెయ్యి తాగిన చెక్కగరిటెని
గరాజ్‌లో దాచాను, తాగుబోతు చుట్టాన్ని దాచినట్టు.
కొత్త గిన్నె, కొత్త చెంచా, కాగితం కప్పులు.
మళ్ళీ మొదట్నించీ.
(ఆ మొదటి కేకు బస్ డిపోలో
పది నిమిషాలు కూడా మిగల్లేదు.)

మర్నాడు బ్రోన్విన్ కళ్ళద్దాలు పెట్టుకుని
నేను దాచిన అట్టలన్నీ చదివింది,
చీమతలకాయంత అక్షరాలతో సహా.
"మరి గిన్నె?" అంది.
చెప్పేశాను, మొదటి కేకు సంగతి కూడా.
చాలాసేపు నా మొహంలోకి చూసింది.
ఆ చూపుకి ఏ అట్టా లేదు చూపించడానికి.

తర్వాత కొడుకు వైపు తిరిగి
చిన్నగా తలూపింది.

వాడు రెండు తిన్నాడు. మూడోది
మధ్యలో గుంట చేసి అలా వదిలేశాడు.
అంతసేపూ
సబ్బుతో ఆరుసార్లు కడిగిన నా కుడి చూపుడువేలు
జేబులోనే ఉంది.