ఓపీ చీటీ

సోమవారం పొద్దున ఏడున్నరకే
పాలమూరు పెద్దాసుపత్రి గేటు కాడ
ఆటోలు ఊర్లను దింపుతయి.
హన్వాడ, కోయిలకొండ, మద్దూరు, గండీడు.
ఒక్కో ఊరు ఒక్కో తీరుగ దగ్గుతది.

నా ముందల ఒక బల్ల, దారం కట్టిన నీలం పెన్ను,
మెడల చర్చివాళ్ళిచ్చిన కార్డు.
దాని మీద నా పేరు తప్పు పడ్డది,
మార్తమ్మకు మరతమ్మ అని.
మూడేండ్లయింది, దిద్దించలే.

పేరేందవ్వా?
ఎన్నేండ్లుంటయి?
ఏ ఊరు?
యాడ నొస్తుంది?

వయసడిగితే నవ్వుతరు కొందరు.
"కరువొచ్చిన యేడు పుట్టిన్నంట, నువ్వే లెక్కజూడు"
అంటడు ఊశన్న తాత.
నొప్పి అడిగితే ఎవ్వరూ నవ్వరు.
ఒకామె మోకాలు చూపబోయి
పక్కన తూలుకుంట నిలబడ్డ కొడుకును చూపింది.
అది రాసే గడి చీటీల లేదు.

భక్తితోని రాలే నేనీడికి.
పాస్టరమ్మ నన్నడగకుండనే లిస్టుల పేరెక్కిచ్చింది.
అప్పటికి ఎనిమిదేండ్లు,
ప్రార్థనల కండ్లు మూస్తలేను.
అందరు తలకాయలు వంచినంక
పైన ఫ్యాను రెక్కలు లెక్కవెడుతుంటి.
మూడే.
కరెంటు పోయిన ఆదివారం గూడ మూడే.

ఇదే ఆసుపత్రి, ఇదే వరండా.
జకరయ్యను భుజానికి ఆనిచ్చుకొని నిలబడ్డ.
చీటీ యాడ రాయించాల్నో తెల్వదు,
ఏ గదికి పోవాల్నో తెల్వదు.
చదువొచ్చు నాకు. చెయ్యే మాట వినలే.
"తండ్రీ, ఈయన్ని బాగుచెయ్యి" అని గూడ అడగలే,
అంత పెద్దది అడిగే తీరిక లేకుండె.
"దారి చెప్పే మనిషినొక్కరిని తోలు" అన్న.
ఎవ్వరు రాలే.
పదింటికి చీటీ దొరికింది.
పదిన్నరకు చీటీతోని పనిలేకుండ పోయింది.

ఆ ప్రార్థన అట్లనే పడున్నది,
షావుకారు పెట్టెల
ఎవ్వరు విడిపించుకోని కుదువ సొమ్ము లెక్క.

మొన్న వానవడ్డ సోమవారం
నవాబుపేట దిక్కునుంచి బుడ్డవ్వ వచ్చింది,
మనవరాలిని బొంతల చుట్టి ఎత్తుకొని.
నుదుట పసుపు, చేతికి మైసమ్మ దారం.
నాలుగు మాటలడిగిన, రాసిన.
పిల్లల గది ఇరవైమూడు, రెండో అంతస్తు.
లిఫ్టు చెడిపోయింది.
పిల్లను నేనెత్తుకున్న.
అది పెనం లెక్క కాలుతుంది,
నా మెడమీద దాని ఊపిరి
ఒకటొస్తే ఇంకోటి వస్తదో రాదో అన్నట్టు.
మెట్లు లెక్కవెట్టలే ఆ రోజు.

సూది పడ్డది, సీసా పెట్టిండ్రు, పిల్ల ఏడ్చింది.
ఏడుపు వినంగనే అవ్వ గోడకు చేరగిలబడి
నా కొంగు పట్టుకున్నది.
"గేటు కాడ నిలబడి తల్లికి మొక్కిన బిడ్డా,
దారి చెప్పే మనిషినొక్కరిని తోలు అని.
నువ్వొచ్చినవ్."

ఆ మాటలే.
ఒక్క అక్షరం అటిటు కాకుండ.

మెట్ల మీద కూలబడ్డ.
ఊడ్చే యాదమ్మ జర లేవమన్నది, లేవలే.
పారేసినవనుకున్న గదా తండ్రీ,
పదకొండేండ్లు లైన్ల పెట్టినవా నా చీటీని?
జకరయ్యకు మాత్రం ఇది జవాబు గాదు.
ఆ లెక్క వేరే ఉన్నది, నీకూ నాకూ నడుమ.

విశ్వాసం ఆవగింజంత ఉంటే చాలంటరు.
నాది పెన్ను మూతంత ఉంటది.
దినాం యాడనో పోగొట్టుకుంట,
బల్లకింద ఒంగి దేవులాడుకుంట.

ఇప్పుడు ఆదివారం కండ్లు మూస్తున్న.
పెద్ద మాటలు రావు నాకు.
పేరు, వయసు, ఊరు, యాడ నొస్తుందో.
ఒక్కొక్కరిని అట్లనే అప్పజెప్త.
బుడ్డవ్వ మనవరాలు, నాలుగేండ్లు, జ్వరం తగ్గింది.
ఊశన్న తాత, వయసు నీకే తెల్వాలె.
తూలే ఆ కొడుకు, పేరడుగుడు మరిచిన,
నువ్వు జూసినవ్ గదా.

ఆఖరుకు నాకోసమని రెండడుగుత.
నాలుగు పెన్నులు, లిఫ్టు.

పెన్నులొచ్చినయి.