కూరల చీటీ

బొమ్మనహళ్ళి గార్మెంట్స్ గేటు దగ్గర
ఐదున్నరకి సైరన్ కొడితే
వెయ్యి మంది ఆడోళ్ళం ఒక్కసారిగా రోడ్డున పడతాం.
ఎదురుగా అద్దాల కొట్టు ఒకటుంది.
లోపల ఏసీలో పడుకున్న పాలకూర
మాకంటే చల్లగా ఉంటుంది.

ఒకసారి లోపలికి పోయినాం, నేనూ నాగరత్నా.
టమేటా కిలో నూట నలభై.
మందు కొట్టనిదానికి అంత.
"కొట్టకపోతే మందు ఖర్చు మిగలాల గదా,
రేటు తగ్గాల గదా" అనింది నాగరత్న.
కాజాల మిషన్ ఆమెది, లెక్కల్లో గట్టి.
బిల్లు కొట్టే పిల్లోడు నవ్వి ఊరుకున్నాడు.
వాడికీ తెలీదు పాపం. వాడూ ఆ కూర కొనడు.

కొట్టు వెనకాల నీలం డబ్బా.
అందులో వంకాయలు, పుచ్చులు.
ఒక్క బెజ్జం కనిపిస్తే చాలు, పక్కకి పడేస్తారంట.
మా అమ్మ వంకాయను చేతిలో తిప్పి చూసి
"పురుగు తిన్నదే మనమూ తినొచ్చు" అనేది.
ఇక్కడ
పురుగు కూడా ముట్టని మందు కూర మాకు,
మందు ముట్టని కూర అద్దాల్లోకి,
పురుగు రుచి చూసి సరేనన్నది
డబ్బాలోకి.

ఆ రాత్రి జీతం చీటీ వెనక లెక్కేసినాం.
బాగేపల్లి అవతల ఓబులేసుకి
కిలోకి ముట్టేది పద్దెనిమిది.
మిగిలిన నూట ఇరవై రెండు
యాడ ఎక్కింది, యాడ దిగింది?
ఏసీకి కొంత, అద్దానికి కొంత,
ప్లాస్టిక్ పెట్టెకి, దాని మీద పచ్చాకు బొమ్మకి,
అమ్ముడుపోక కుళ్ళినదానికి,
కుళ్ళకముందే పారేసినదానికి.
ఓబులేసు పండించిన ఆకు కంటే
ఆకు బొమ్మే ఖరీదు.

మాకు చీటీలు కొత్త కాదు.
చీర చీటీ, గిన్నెల చీటీ, బంగారం చీటీ.
అట్లే కూరల చీటీ కట్టినాం.
తలా వారానికి నూట యాభై, ముందే.
ఇరవై రెండు మందిమి.
సెల్వి అరవంలో, పుట్టతాయి కన్నడంలో,
షమీమ్ ఉర్దూలో, మేము మా సీమ మాటలో
ఒకే ఓబులేసుని నాలుగు భాషల్లో బేరమాడినాం.
కిలో ముప్పై. ఏ కూరైనా, ఎండైనా వానైనా.
ఫోన్లో కాసేపు ఆయన మాట్లాడలేదు.
"మార్కెట్ పడిపోయినా ఇదే ఇస్తారా?" అన్నాడు.
"మార్కెట్ లేచినా నువ్వు ఇదే తీసుకుంటావా?"
అనింది నాగరత్న.

శనివారం తెల్లారి, బస్సు డిక్కీలోంచి
హెబ్బాళ ఫ్లైఓవర్ కింద మూటలు దిగుతాయి.
అక్కడినించి షమీమ్ మొగుడి ఆటో, గ్యాసుకి తలా ఐదు.
మూట విప్పితే ఏది వస్తే అదే.
మొదటి వారం అనపకాయలు. వీధంతా ఆ వాసనే.
తర్వాత మూడు వారాలు వరసగా బీరకాయ.
మా చిన్నోడు కంచం తోసేసి ఏడ్చినాడు.
ఏడోవారం వడగళ్ళు పడినాయంట,
మూటలో మునగాకు తప్ప ఏమీ లేదు.
ఇద్దరు మానుకున్నారు. వాళ్ళది తప్పనను.
నూట యాభై అంటే మాకు ఒక పూట ఓవర్‌టైం.

మేడ మీది ఓనరమ్మ మెట్ల మీద ఆపి అడిగింది,
"ఆర్గానిక్కేనా? సర్టిఫికెట్ ఉందా?"
ఫోన్ నెంబర్ ఇచ్చినాను.
"ఓబులేసు. పొద్దు మునిగినాక చెయ్యండమ్మా,
కరెంటు ఉన్నంతసేపు మడికి నీళ్ళు కడతా ఉంటాడు, ఎత్తడు."

నిన్న వంకాయ కోస్తే పురుగు వచ్చింది.
లేత గులాబి రంగుది, బియ్యపు గింజంత.
చిన్నోడు కెవ్వుమన్నాడు.
ఆ ముక్క వరకు కోసి కిటికీ బయట పెట్టినాను.
పోయింది పది గ్రాములు.
పది గ్రాములంటే మా రేటుకి ముప్పై పైసలు.
కూరను పరీక్ష చేసినందుకు
ఇంతకంటే తక్కువ ఎవరు తీసుకుంటారు?

మిగిలింది గుత్తి వంకాయకి చాలలేదు.
తరిగి ఇగురు పెట్టినాను.